లిమిటర్ ఉన్నా ఇంజిన్ ఎలా పోతుంది?

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో జరిగే ట్రాక్ డేలకి నెల్లూరు, తిరుపతి నుంచి కారేసుకుని వచ్చే కుర్రాళ్ల నోట ఎప్పుడూ ఇదే మాట: "లిమిటర్ ఉంది కదన్నా, ఇంజిన్‌కేమవుతుంది?"

అపోహ: లిమిటర్ ఉంటే ఇంజిన్ ఓవర్‌రెవ్ కాదు, అంటే హద్దుకి మించి తిరగదు.

వాస్తవం: అవుతుంది. ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) హద్దు దాటగానే పెట్రోలో, స్పార్కో ఆపడమే లిమిటర్ పని. తప్పు గేరులో క్లచ్ వదిలితే ఇంజిన్‌ని తిప్పేది చక్రాలు. ఇక ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) దేన్ని ఆపాలి?

లిమిటర్ 7,000 ఆర్‌పీఎం దగ్గర ఉందనుకోండి. గేరు నిష్పత్తులు రెండుకి 1.9, మూడుకి 1.3, నాలుగుకి 1.0. మూడులో 6,500 దాకా లాగి నాలుగేస్తే 5,000కి దిగాలి. లివర్ పక్క వరుసకి జారి రెండులో పడిందా, 9,500! పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ బోల్టుల మీద లాగుడు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 7,000 దగ్గర ఉన్నదానికి 1.8 రెట్లు. వాల్వుని మూసే స్ప్రింగు, దాన్ని తెరిచే క్యామ్ వేగాన్ని అందుకోలేదు. వాల్వు మూసుకునేలోపే పిస్టన్ వచ్చి గుద్దుతుంది.

లివర్‌ని పిడికిట్లో బిగించి ఎడమకి తోయడం వల్లే ఎక్కువగా ఇలా జరుగుతుంది. అరచేత్తో నేరుగా వెనక్కి లాగండి, మధ్య వరుసలో ఉంచే పని స్ప్రింగు చూసుకుంటుంది. ఇంజిన్ మౌంట్లు అరిగినా గేరు తప్పుతుంది.

జరిగిపోతే ఆపేయండి. "స్టార్ట్ అవుతోందిగా" అని ఇంకో ల్యాప్ వద్దు. ఈసీయూ లాగ్‌లో గరిష్ఠ ఆర్‌పీఎం చూడండి. తర్వాత లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్లోకి గాలి పంపి ఎంత కారుతుందో చూడటం. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా ఎక్కువ గాలి వదులుతుంటే చెవి పెట్టి వినండి: తుస్సుమనే చప్పుడు ఇన్‌టేక్‌లో వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు వంగినట్టే, హెడ్ దించాలి. లీక్‌డౌన్ బాగుందని సంబరపడొద్దు, సాగిన రాడ్ బోల్టు అందులో కనిపించదు. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే పాత్ర) విప్పి బోల్టు పొడవుని కొత్తదానితో పోల్చండి. ఒక్కటి సాగినా సెట్టంతా మార్చాలి, బేరింగ్ షెల్స్‌తో సహా. చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో దొరికే బోల్టులు ఈ పనికి వద్దు. ఈ దశలో వదిలేస్తే తర్వాతెప్పుడో మామూలు ఆర్‌పీఎంలోనే రాడ్ బ్లాకుని చీల్చుకుని బయటికొస్తుంది.

గేరులో లాగుతుండగా ఒకటి రెండుసార్లు లిమిటర్ తగిలిందని మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. అది అందుకే ఉంది.

అపోహ: లిమిటర్ పెంచితే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: టార్క్ నిలబడితేనే. 6,000 దగ్గర 130 ఎన్ఎం ఇచ్చే ఇంజిన్ 82 కిలోవాట్లు ఇస్తుంది. అదే 7,500 దగ్గర టార్క్ 95కి పడిపోతే పవర్ 75. క్యామ్, స్ప్రింగులు, ఇన్‌టేక్ ముట్టుకోకుండా ఈసీయూ మ్యాప్‌లో అంకె మార్చడం డబ్బు దండగ.

అపోహ: ఫార్ములా వన్ 18,000 తిరిగేది, మనది 8,000కే భయమా?

వాస్తవం: 2.4 లీటర్ల ఆ వీ8 ఇంజిన్ స్ట్రోక్ (పిస్టన్ పై నుంచి కిందకి కదిలే దూరం) దాదాపు 40 మి.మీ. 18,000 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 24 మీటర్లు. 90 మి.మీ. స్ట్రోక్ ఉన్న మన కారు 8,000 దగ్గరే ఆ వేగాన్ని అందుకుంటుంది. పైగా వాళ్ల వాల్వులు మూసేది స్టీలు స్ప్రింగు కాదు, ఒత్తిడిలో ఉన్న గ్యాస్.

అన్నట్టు, 2014లో అక్కడ హద్దు 15,000కి దిగింది. అంతవరకైనా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. 10,500 దాటాక గంటకి 100 కిలోల ఇంధనమే గరిష్ఠం, ఆపైన తిప్పితే ఘర్షణే మిగిలేది.