వెబ్‌సైట్ కట్టబోయే పిల్లలకు

పిల్లలూ,

వెబ్‌సైట్ చేద్దామనుకోగానే మీరంతా అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. అంతకంటే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. సైటులో సమాచారం ఎన్నాళ్లకోసారి మారుతుంది? మార్చే మనిషికి కోడ్ వచ్చా?

ఐదారు పేజీలుండి, ఏడాదికి రెండు మూడు సార్లు మీరే మార్చుకునేటట్టయితే హెచ్‌టీఎంఎల్ (పేజీలో ఏముండాలో రాసే కోడ్), సీఎస్ఎస్ (అది ఎలా కనిపించాలో చెప్పే కోడ్) ఫైళ్లు చాలు. సర్వర్, అంటే సైటు ఫైళ్లుండే కంప్యూటర్, వాటిని ఉన్నవున్నట్టు పంపేస్తుంది కాబట్టి పేజీ చప్పున తెరుచుకుంటుంది. కోడ్ రానివాళ్లు నలుగురు రోజూ రాసే సైటయితే కోడ్ లేకుండానే రాసి మార్చుకోనిచ్చే వర్డ్‌ప్రెస్ లాంటిది కావాలి. దాని వెనక సర్వర్లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, సమాచారం దాచే డేటాబేస్ నడుస్తుంటాయి. దానికి అదనంగా తగిలించే ప్లగిన్లు అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే ఆ పాత లోపాల్లోంచే హ్యాకర్లు దూరతారు. అంత కాపలా కాసే ఓపిక లేకపోతే దాని జోలికి పోవద్దనే చెబుతాను.

మొదటి పేజీని నోట్‌ప్యాడ్ లాంటి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో రాయండి. వర్డ్‌లో రాసి అతికిస్తే కొటేషన్ గుర్తులు వంపు తిరిగిపోతాయి, కోడ్‌లో బ్రౌజర్ వాటిని గుర్తించదు.

తెలుగు పేజీకి ఇంకో చిక్కుంది. హెచ్‌టీఎంఎల్ ఫైలు మొదట్లో ఉండే హెడ్ భాగంలో అన్నిటికంటే పైన చార్‌సెట్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని ప్రకటించాలి. ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఆ మాట ఉండాలని నియమం. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది. 'క్షి'లో క, పొల్లు, ష, గుడి కలిసి 12. పొడుగాటి తెలుగు శీర్షిక, వివరణ పైన పెట్టి ప్రకటనను కిందికి నెడితే హద్దు దాటిపోయి, అక్షరాల బదులు పిచ్చిగుర్తులు రావచ్చు. సీఎస్ఎస్‌లో వరసల ఎత్తు కూడా అక్షరాల సైజుకు కనీసం 1.6 రెట్లు పెట్టండి, లేకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. పేజీని ఫోన్ తెర వెడల్పుకే అమర్చమని హెడ్‌లో చెప్పే వ్యూపోర్ట్ లైను మరిచిపోతే ఫోన్ పేజీని దాదాపు 980 పిక్సెళ్ల వెడల్పనుకుని కుదించేస్తుంది. అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి.

ఫోన్‌తో తీసిన ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, నాలుగైదు ఎంబీలు ఉండొచ్చు. సీఎస్ఎస్‌తో చిన్నగా చూపించినా దిగేది మొత్తం ఫైలే. ముందే 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తక్కువ సైజు బొమ్మ ఫైలుగా సేవ్ చేయండి.

మీ కంప్యూటర్లో కనిపించిన బొమ్మ ఆన్‌లైన్‌లో మాయమైతే, ముందు ఫైలు పేరులో ఇంగ్లిష్ పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాలు చూడండి. విండోస్‌కి రెండూ ఒకటే, లైనక్స్ సర్వర్‌కి వేరు. అవి సరిగ్గానే ఉంటే బొమ్మకిచ్చిన దారి చూడండి. సీ డ్రైవ్‌తో మొదలైన దారి మీ కంప్యూటర్‌కే తెలుసు. ఫైలు పేర్లన్నీ చిన్నబడి అక్షరాల్లో, ఖాళీలకు బదులు అడ్డగీత (-) పెట్టి, మొదటి రోజు నుంచే రాసుకోండి.

ఆశీస్సులతో,
తాతయ్య