వణికే ఎలుకలూ, నరాల జిగురూ

విజయనగరం

చిట్టీ, బుజ్జీ,

మేకపిల్ల పుట్టిన కాసేపటికే గెంతుతుంటే, మన గుంటడు పది నెలలైనా నడవడేంటని ఫోన్‌లో అడిగారు. ఈలోగా మీ అమ్మ స్నానానికి రమ్మని కేకేసింది. అందుకే ఈ ఉత్తరం.

కాళ్ళలో బలం ఒక్కటే చాలదర్రా. మెదడు నుంచి దిగే నరాల పోగులకి మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకోవాలి. పొర లేని సన్నటి పోగులో కబురు సెకనుకి ఒకటి రెండు మీటర్లే పోతుంది. దళసరిగా చుట్టిన దాంట్లో వంద మీటర్లు కూడా పోగలదు. మేకపిల్లకి ఈ పని చాలావరకు తల్లి కడుపులోనే అయిపోతుంది. మనకి ఎక్కువ భాగం పుట్టాకే. నుదుటి వెనకైతే ఇరవై ఏళ్ళు దాటినా సాగుతూనే ఉంటుంది.

పైడితల్లి పండక్కి మడత కాజాలు చేస్తుంటే చూశారుగా, పొరలు విడివడాలని మధ్యలో నెయ్యీ బియ్యప్పిండీ రాస్తాను. మైలిన్‌కి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం: పొరలు గట్టిగా అతుక్కోవాలి. ఆ జిగురే మైలిన్ బేసిక్ ప్రోటీన్. దానికి ధన విద్యుదావేశం, పొర లోపలి ముఖాలకి రుణావేశం. రెండు ముఖాలనీ దగ్గరికి లాగి, మధ్యనున్న ద్రవాన్ని బయటికి నెట్టేస్తుంది. ఇంత జిగురుని, మైలిన్ చుట్టే కణం మధ్యలో తయారుచేస్తే అక్కడే అంతా అంటుకుపోదూ? అందుకని కణం తయారీ సూచనల్ని మాత్రం కొసలకి పంపి, ప్రోటీన్‌ని అక్కడే చేయించుకుంటుంది. నాకైతే ఈ తెలివే ముచ్చటేస్తుంది.

ఈ ప్రోటీన్ జన్యువు చెడిన ఎలుకలున్నాయి. రెండు వారాల వయసు నుంచే వణుకుతాయి, మూర్ఛలొస్తాయి, త్వరగా చచ్చిపోతాయి. 1987లో శాస్త్రవేత్తలు మంచి జన్యువుని ఆ జాతి పిండంలో పెట్టారు. మామూలులో నాలుగో వంతు ప్రోటీన్ తయారైందో లేదో, వణుకు పోయింది!

పెద్దయ్యాక పొర ఊడితే? మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బులో ఒంటి రక్షణ కణాలే దాన్ని చింపేస్తాయి. మెదడులో దాచిపెట్టినట్టుండే కణాలు ఎదిగి, మళ్ళీ ఈ జిగురు చేసి, పోగుల్ని చుడతాయి. కొత్త పొర పాతదానికంటే పల్చన. వయసు పైబడితే ఆ పనీ మందగిస్తుంది.

టీవీలో చూపించే తెలివితేటల పొడులు కొనమని మీ నాన్నని వేధించకండి. తిన్న ప్రోటీన్ కడుపులో అరిగి ముక్కలైపోతుంది, నేరుగా వెళ్ళి నరాలకి చుట్టుకోదు. బీ12 విటమిన్ మాత్రం మైలిన్‌కి నిజంగా కావాలి. అది పాలల్లో, గుడ్లలో, చేపల్లో ఉంటుంది. బుజ్జీ, సగం గ్లాసు పాలు సింకులో పారబోస్తున్నావని నాకు కబురందింది.

ఆశీస్సులతో,
అమ్మమ్మ