పేలే నక్షత్రాలతో దూరం కొలవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఏ నక్షత్రం పేలినా దూరం చెప్పేయొచ్చు.

వాస్తవం: అసలు వెలుగు ఎంతో తెలిస్తే, మనకు కనిపించే వెలుగుతో పోల్చి దూరం లెక్కకట్టొచ్చు. అలా విశ్వ దూరాలకు ముఖ్యంగా అక్కరకొచ్చేది టైప్ 1ఎ సూపర్‌నోవా, అంటే శ్వేత కుబ్జ నక్షత్రం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) పేలుడు. వర్ణపటంలో (కాంతిని రంగులుగా విడదీసిన పటంలో) హైడ్రోజన్ గీతలు ఉండకూడదు, 615 నానోమీటర్ల దగ్గర సిలికాన్ కాంతిని మింగిన గుంట కనిపించాలి. వర్ణపటం లేకుండా రకం తేల్చేయకండి.

అపోహ: టైప్ 1ఎలన్నీ ఒకే వెలుగుతో పేలతాయి.

వాస్తవం: తిరుపతి కాలేజీ పిల్లలు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఇదే. పేలుడులో తయారైన నికెల్-56 ఎంతుంటే వెలుగు అంత. ఎక్కువ వెలిగింది మెల్లగా ఆరుతుంది, తక్కువ వెలిగింది త్వరగా ఆరుతుంది. 1993లో ఖగోళ శాస్త్రవేత్త మార్క్ ఫిలిప్స్ దీన్ని కొలతగా మార్చారు: నీలి ఫిల్టర్‌లో శిఖరం (వెలుగు గరిష్ఠానికి చేరిన రోజు) నుంచి 15 రోజుల్లో వెలుగు ఎన్ని మాగ్నిట్యూడ్లు (నక్షత్రాల వెలుగు కొలత) తగ్గిందో చూడాలి. మామూలుగా 1.1 తగ్గుతుంది, 1991లో కనిపించిన 1991బీజీ అనే సూపర్‌నోవా దాదాపు 1.9 తగ్గింది. ఈ తేడా, రంగు సరిచేశాక మిగిలే చెదురు సుమారు 0.15 మాగ్నిట్యూడ్, అంటే దూరంలో 7 శాతం.

లెక్క చెడేది ఎక్కువగా శిఖరం దగ్గరే. మన చిత్తూరుకు దగ్గర్లో, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఈశాన్య రుతుపవనాల మబ్బు పది రోజులు కమ్మితే శిఖరం చేజారుతుంది, ఆ 15 రోజుల లెక్క దేని నుంచి మొదలుపెట్టాలో తెలియదు. శిఖరానికి వారం ముందు నుంచే రెండు మూడు రాత్రులకోసారి కొలవాలి. దూరపు వాటికి కాలం సాగడాన్నీ తీసేయాలి: రెడ్‌షిఫ్ట్ (విశ్వ విస్తరణ వల్ల కాంతి ఎరుపు వైపు జరగడం) 0.5 అయితే ఆ 15 రోజులు మనకు 22.5 రోజులుగా కనిపిస్తాయి.

అపోహ: మసకగా ఉందంటే దూరంగా ఉన్నట్టే.

వాస్తవం: మంచు పట్టిన రాత్రి అలిపిరి నుంచి చూస్తే ఘాట్ రోడ్డు దీపాలు మసకబారతాయి, దూరం మాత్రం మారదు. గెలాక్సీల ధూళి ఇంకో అడుగు ముందుకేసి నీలి కాంతిని ఎక్కువగా, ఎరుపును తక్కువగా మింగుతుంది. అందుకే కనీసం రెండు ఫిల్టర్లు కావాలి. ఎం82 గెలాక్సీలో పేలిన 2014జే సూపర్‌నోవాను ధూళి లెక్క లేకుండా కొలిస్తే దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరాలు వస్తుంది. ఆ గెలాక్సీ ఉన్నది 1.2 కోట్ల దగ్గర! వీలైతే పరారుణంలో కొలవండి, అక్కడ ధూళి దెబ్బ తక్కువ.

అపోహ: సూపర్‌నోవాలే సొంతంగా దూరం చెబుతాయి.

వాస్తవం: అవి చెప్పేది ఒకదానికంటే ఇంకొకటి ఎన్ని రెట్లు దూరమో మాత్రమే. శిఖరం దగ్గర అసలు వెలుగు -19.3 మాగ్నిట్యూడ్ (అంకె ఎంత తక్కువైతే అంత ఎక్కువ వెలుగు) అన్నది సెఫీడ్ నక్షత్రాల (వెలుగు హెచ్చుతగ్గుల వ్యవధి నుంచి అసలు వెలుగు తెలిసే నక్షత్రాల) నుంచి, వాటి కొలబద్ద ఎన్‌జీసీ 4258 వంటి దగ్గరి గెలాక్సీల నుంచి వస్తాయి. ఆ మెట్టులో తప్పుంటే హబుల్ స్థిరాంకం (విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే అంకె) మొత్తం జరుగుతుంది. ఆ స్థిరాంకం 73 అని సూపర్‌నోవాలతో, 67 అని తొలి విశ్వపు కాంతితో వచ్చే అంకెల తగువులో అందరూ ముందు తరచి చూసేది దాన్నే. 1998లో విశ్వ విస్తరణ వేగం పుంజుకుంటోందని తేల్చడానికి మాత్రం ఆ అంకె అవసరం పడలేదు, దగ్గరివీ దూరపువీ పోల్చడమే సరిపోయింది.