పాల మరక ఉన్నచోటే చిల్లు

చంటిపిల్లల ఉన్ని స్వెటరును ఏడాది తర్వాత బీరువాలోంచి తీసి, చిల్లులు ఎక్కడెక్కడ పడ్డాయో ఒకసారి చూడండి. వీపు మీద పెద్దగా ఉండవు. చాలావరకు గొంతు చుట్టూ, ఛాతీ మీద, చేతి అంచుల దగ్గర కనిపిస్తాయి. చొంగ కారినచోటు, పాలు కక్కినచోటు, బిడ్డ నోట్లో పెట్టుకుని చప్పరించినచోటు అవే.

ఉన్నిలో ఉన్నది కెరటిన్ అనే ప్రొటీన్. మన జుట్టు, గోళ్లు, కోడి ఈకలు కూడా దాంతోనే తయారవుతాయి. దాని అణువుల మధ్య గంధకపు బంధాలు గట్టిగా బిగిసి ఉంటాయి కాబట్టి మన జీర్ణరసాలకు అది లొంగదు. అన్నంతో పాటు పొరపాటున మింగిన వెంట్రుక అరక్కుండానే బయటికి పోయేది అందుకే. ఆ చిల్లులు చేసే బట్టల చిమ్మట లార్వాకు, అంటే గుడ్డులోంచి వచ్చే పురుగుకు, మాత్రం ఆ బంధాలు తెంచడం తెలుసు. దాని పేగు మధ్యభాగంలో క్షారగుణం ఎక్కువ, ఆక్సిజన్ బహు తక్కువ. ఆ వాతావరణంలో గంధకపు బంధాలు విడిపోతాయి, మిగతా పని ఎంజైములు చూసుకుంటాయి.

అయితే ఒట్టి ఉన్ని తిని అది సరిగ్గా ఎదగలేదు. అందులో బి విటమిన్లు లేవు, లవణాలు చాలవు. శుభ్రంగా ఉతికిన ఉన్ని మీద పెరిగే లార్వాలు నీరసించిపోతాయి, చాలావరకు చస్తాయి కూడా. చెమట, మూత్రం, పాలు, ఉగ్గు మరకలే ఆ లోటు పూడుస్తాయి. ఈ లెక్కన పసిపిల్లల బట్టలకన్నా దానికి దొరికే మంచి భోజనం లేదు.

ఎగిరే చిమ్మటను కొట్టి చంపి ఊరుకుంటే లాభం లేదు. దానికి తినే నోరే ఉండదు. టినియోలా బిస్సెలియెల్లా అనే ఈ జాతి ఎండుగడ్డి రంగులో, సెంటీమీటరు కూడా లేకుండా ఉంటుంది. దీపం చుట్టూ తిరిగేది ఇది కాదు, వెలుగు పడితే ఇది మడతల్లోకి పారిపోతుంది. అక్కడే నలభై యాభై గుడ్లు పెడుతుంది. వేడిని బట్టి లార్వా దశ నెల రోజుల్లో ముగియొచ్చు, రెండేళ్లు దాటినా దాటొచ్చు.

దీని చుట్టం ఒకటి మన ఇళ్లలో అందరూ చూసిందే. బాత్రూం గోడ మీదో గది మూలలోనో గుమ్మడిగింజ ఆకారంలో వేలాడే బూడిదరంగు సంచి. పురుగు తన పట్టుదారానికి ఇసుక, దుమ్ము అంటించి అల్లుకున్న గూడు అది. రెండు కొసలా తెరుచుకుంటుంది, లోపలి జీవి ఎటునుంచైనా తల బయటపెట్టి నడవగలదు. ఎక్కువగా సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు తింటుంది. ఉన్ని దొరికితే దాన్నీ వదలదు.

కాష్మీర్ ఉన్నికి, అందులోనూ మన పష్మినాకు, ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. లడఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, 4,000 మీటర్లకు పైన, చలి మైనస్ 30 డిగ్రీలకు దిగే చోట బతికే మేకలకు పైబొచ్చు కింద పెరిగే నూగు ఇది. పోగు మందం 12 నుంచి 15 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మనిషి వెంట్రుకది సుమారు 70. పోగు 30 మైక్రాన్లు దాటితే దాని కొస వంగకుండా చర్మాన్ని గుచ్చుతుంది. మన గొంగళి ఒంటికి గుచ్చుకోవడం, పష్మినా గుచ్చుకోకపోవడం ఇందువల్లే. కానీ అంత సన్నని పోగును కొరకడం పురుగుకు చిటికెలో పని. పైగా అల్లికలో ఒక్క దారం తెగినా చుట్టుపక్కల కుట్లన్నీ జారిపోతాయి.

ఇక కలరా ఉండలు. బట్టలు దాచేటప్పుడు అలవాటుగా చెయ్యి వెళ్లేది వాటి మీదికే. పసిపిల్లల బట్టల్లో మాత్రం అవి వద్దే వద్దు. వాటిలో ఉండే నాఫ్తలీన్ కరగకుండానే ఆవిరై బట్టలోకి ఎక్కుతుంది, ఆ బట్ట తొడిగితే ఊపిరి ద్వారా, చర్మం ద్వారా బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. నూనెతో మర్దన చేసిన ఒంటికైతే ఇంకా సులువుగా అంటుతుంది. మన పిల్లలకు రోజూ జరిగేది అదే మరి! జీ6పీడీ అనే ఎంజైము లోపించిన పిల్లల్లో దీనివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదిరి మెదడుకు చేటు జరగొచ్చు. వంశపారంపర్యంగా వచ్చే ఈ లోపం మగపిల్లల్లో ఎక్కువ. పరీక్ష చేయిస్తే తప్ప తల్లిదండ్రులకు తెలియదు. యూరోపియన్ యూనియన్ 2008లో ఈ ఉండలను నిషేధించింది. మన కిరాణా కొట్లలో ఇంకా దొరుకుతున్నాయి. వాటి బదులు కర్పూరం పెడదామనుకుంటారేమో, అది మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. వేపాకు వల్ల ప్రమాదం లేదు గానీ, లోపల అప్పటికే ఉన్న లార్వాను అది చంపుతుందని నమ్మి కూర్చోకండి.

నమ్మదగ్గది ఉతుకే. మరక కంటికి కనబడకపోయినా సరే, దాచే ముందు ఉతకాల్సిందే. మామూలు డిటర్జెంట్లలో ప్రొటీన్ మరకలను కరిగించే ఎంజైములుంటాయి, అవి ఉన్నినీ కొరుకుతాయి. తలకు రాసుకునే షాంపూ కొంచెం చల్లనీళ్లలో కలిపితే చాలు. రుద్దొద్దు, పిండొద్దు. తువ్వాలులో చుట్టి నీళ్లు ఒత్తేసి, నీడలో పరిచి ఆరేయండి. దండెం మీద వేస్తే తడి బరువుకు సాగిపోతుంది.

పురుగు ఉందన్న అనుమానం ఉంటే, ఆరిన స్వెటరును గాలి చొరబడని సంచిలో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచిని వెంటనే తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే గాలిలోని తేమ ఉన్ని మీద చేరుతుంది. ఈలోగా బీరువా అడుగున, మూలల్లో పేరుకున్న దుమ్ము, వెంట్రుకలు తుడిచేయండి. మిగిలిన లార్వాలు దాక్కునేది అక్కడే.