చెర్రీ పై: గ్లామ్ మెటల్ కథను మలుపు తిప్పిన ఫోన్‌కాల్

ఎనభైల్లో పైకి దువ్విన జుట్టు, ముఖానికి రంగు, మెరుపుల బట్టలతో వెలిగిన హార్డ్ రాక్, అదే గ్లామ్ మెటల్, మీద తగాదా మళ్ళీ రాజుకుంది. 2022 ఫిబ్రవరిలో పెర్ల్ జామ్ గాయకుడు ఎడ్డీ వెడర్ న్యూయార్క్ టైమ్స్‌తో మాట్లాడుతూ గ్లామ్ బ్యాండ్ మాట్లీ క్రూను పేరెత్తి మరీ తిట్టాడు. అప్పటి నుంచి ఈ గొడవ నివురుగప్పిన నిప్పులాగే ఉంది. శాన్ డియేగోలో ఒక క్లబ్బులో సామాన్లు మోసే రోజుల్లో ఆ తరహా బ్యాండ్లను చూడాల్సి వచ్చేదనీ, వాటిలో సరుకు లేదనీ, ఆడవాళ్ళను చూపించిన తీరు తనకు నచ్చలేదనీ వెడర్ బాధ. మాట్లీ క్రూ బాసిస్టు నిక్కీ సిక్స్ వెంటనే ట్విట్టర్‌లో బదులిచ్చాడు: అంత బోరు కొట్టే బ్యాండ్ తిడితే అది పొగడ్త కిందే లెక్క అని. రాక్ కళాకారులను సత్కరించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ జాబితా బయటికొచ్చిన ప్రతిసారీ ఇదే వరస. బాన్ జోవిని 2018లో, డెఫ్ లెపర్డ్‌ను 2019లో లోపలికి రానిచ్చారు. మాట్లీ క్రూ ఇంకా గడప బయటే ఉంది.

తిట్టేవాళ్ళు చెప్పే కథ అందరికీ కంఠతా వచ్చు. 1991 సెప్టెంబరు 24న నిర్వాణ ఆల్బమ్ నెవర్‌మైండ్ విడుదలైంది, దాంతో జుట్టుకు స్ప్రే కొట్టుకుని తిరిగే బ్యాండ్లన్నీ మూట సర్దుకున్నాయి. జనానికి నిజమైన సంగీతం దొరికింది కాబట్టి నకిలీ సరుకును పారేశారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తేదీలు ఒప్పుకోవు.

అదే ఏడాది జూన్‌లో గ్లామ్ బ్యాండ్ స్కిడ్ రో రెండో ఆల్బమ్ స్లేవ్ టు ద గ్రైండ్ వచ్చీ రాగానే అమెరికా అమ్మకాల చార్టు బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానంలో కూర్చుంది. బిల్‌బోర్డ్ అంతకు కొద్ది వారాల ముందే లెక్కగట్టే పద్ధతి మార్చింది. అంతకు ముందు దుకాణాల వాళ్ళు నోటితో చెప్పిన మాట మీద ఆధారపడేవారు, మే నెల నుంచి సౌండ్‌స్కాన్ ద్వారా నిజంగా బిల్లు పడిన కాపీలను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అంటే అసలు లెక్క మొదలైన తొలి వారాల్లోనే ఈ బ్యాండ్ గెలిచింది. నెవర్‌మైండ్ 1992 జనవరిలో మొదటి స్థానానికి చేరినప్పుడు కిందికి దించింది ఏ గ్లామ్ బ్యాండ్‌నో కాదు, మైకేల్ జాక్సన్‌ను. ఆ నెలలోనే అమెరికన్ మ్యూజిక్ అవార్డుల్లో హెవీ మెటల్, హార్డ్ రాక్ కొత్త కళాకారుల బహుమతికి నిర్వాణ, ఆలిస్ ఇన్ చెయిన్స్ కూడా పోటీలో ఉండగా గ్లామ్ బ్యాండ్ ఫైర్‌హౌస్ గెలిచింది. నిర్వాణ మొదటి స్థానం చూసేశాక, అదే కోవకు చెందిన మిస్టర్ బిగ్ బ్యాండ్ పాట టు బీ విత్ యూ మూడు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది. మర్నాటికి మూట సర్దుకున్నవాళ్ళ లెక్కలు ఇలా ఉండవు.

మన దగ్గరికి ఈ కథ ఒక వైపు నుంచే చేరడానికి ఒక కారణం ఉంది. స్టార్ టీవీ ద్వారా ఎంటీవీ ఆసియాలో అడుగుపెట్టింది 1991 సెప్టెంబరులో, అంటే నెవర్‌మైండ్ విడుదలైన నెలలోనే. ఆ తర్వాత హైదరాబాద్‌లోనో విశాఖలోనో కేబుల్ పెట్టించుకుని ఆ ఛానెల్ చూసినవాళ్ళకు గ్లామ్ మెటల్ చివరి అంకమే కనిపించింది. ముందు పదేళ్ళు ఎవరూ చూడలేదు. చివరి అంకంలోని వేషాలను చూసి మొత్తం నాటకాన్ని తేల్చేశారు.

ఆ ముందు పదేళ్ళ గురించి ఇక్కడ విస్తరించను. లాస్ ఏంజెలెస్ క్లబ్బుల వీధి సన్‌సెట్ స్ట్రిప్, స్తంభాల నిండా కరపత్రాలు, 1983లో క్వైట్ రయట్ ఆల్బమ్ చార్టుల పైకెక్కడం, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: ఆ బ్యాండ్లు మొదట్లో తమ కాళ్ళ మీదే నిలబడ్డాయి. మాట్లీ క్రూ 1981లో తొలి ఆల్బమ్‌ను సొంత లేబుల్ పెట్టుకుని తెచ్చుకుంది. పెన్సిల్వేనియా నుంచి లాస్ ఏంజెలెస్‌కు తరలి వచ్చిన పాయిజన్ తన మొదటి ఆల్బమ్‌ను 12 రోజుల్లో రికార్డు చేసి ఎనిగ్మా అనే చిన్న కంపెనీ ద్వారా విడుదల చేసింది. ఎవరూ వాళ్ళకు పాట ఎలా ఉండాలో చెప్పలేదు. పాయిజన్ పాట ఎవ్రీ రోజ్ హాజ్ ఇట్స్ థార్న్ పుట్టింది కూడా డల్లస్‌లో ఒక లాండ్రీలో. గాయకుడు బ్రెట్ మైకేల్స్ టూర్‌లో ఉండగా ప్రియురాలికి ఫోన్ చేస్తే అవతల ఇంకో మగ గొంతు వినిపించింది. బట్టలు ఉతుక్కునే చోట కూర్చుని ఆ బాధను పాట కట్టాడు. 1988 చివర్లో అది అమెరికాలో నంబర్ వన్ అయింది.

రికార్డు కంపెనీలు ఆ పాటలో చూసింది అమ్మకాల లెక్క. మొదట ఒక హుషారు పాట, వెనకే ఒక మెల్లని ప్రేమ పాట, రెండింటికీ ఎంటీవీలో వీడియో. ఆ కొలతకు సరిపోయే బ్యాండ్ల కోసం వేట మొదలైంది. నా లెక్కలో గ్లామ్ మెటల్ దారి తప్పింది ఇక్కడే. ఆ తప్పు పూర్తిగా బయటపడింది 1990లో, వారెంట్ అనే బ్యాండ్ విషయంలో.

వారెంట్ మొదటి ఆల్బమ్ 1989లో వచ్చింది. అందులోని హెవెన్ పాట రెండో స్థానం దాకా ఎగబాకింది. గాయకుడు జానీ లేన్ ఒహైయో రాష్ట్రం నుంచి వచ్చినవాడు, పాటలన్నీ తనే రాసుకునేవాడు. రెండో ఆల్బమ్ పూర్తి చేసి కొలంబియా కంపెనీకి ఇచ్చినప్పుడు దాని పేరు అంకుల్ టామ్స్ కేబిన్. ఆ పేరుతో ఉన్న పాటను ఒక్కసారి జాగ్రత్తగా వినండి. ముందు అకూస్టిక్ గిటార్ ఒంటరిగా, వేళ్ళతో మీటుతూ, కాసేపు సాగుతుంది. ఆ తర్వాత కథ మొదలవుతుంది. ఒక కుర్రవాడు, వాళ్ళ మామయ్య కలిసి ఒక దృశ్యం చూస్తారు: చట్టాన్ని కాపాడాల్సిన పోలీసులే ఇద్దరిని చంపి శవాలను మాయం చేస్తుంటారు. చూసింది బయటికి చెప్పలేని భయం, చెప్పకుండా ఉండలేని బరువు, ఆ రెండింటి మధ్య పాట నలుగుతుంది. ఇందులో అమ్మాయిల ఊసు లేదు, పార్టీ లేదు. నెవర్‌మైండ్ కన్నా ఏడాది ముందు, సన్‌సెట్ స్ట్రిప్ కుర్రవాడొకడు రాసిన పాట ఇది.

కొలంబియా అధ్యక్షుడు డాన్ ఐనర్ జానీ లేన్‌కు ఫోన్ చేశాడు. ఆల్బమ్‌లో ఒక ఊపున్న రాక్ పాట తక్కువైందన్నాడు. అంతకు ముందు ఏడాది ఏరోస్మిత్ బ్యాండ్ ఇచ్చిన లవ్ ఇన్ యాన్ ఎలివేటర్ లాంటి పాట కావాలన్నాడు. జానీ పావుగంటలో రాసి పడేశాడు. దొరికిన పిజ్జా డబ్బా మీద రాశాడు. అదే చెర్రీ పై, చెర్రీ పండ్లు నింపి కాల్చే తీపి వంటకం పేరు. పాయిజన్ గిటారిస్టు సి.సి. డెవిల్ వచ్చి సోలో వాయించాడు. అంతే, ఆల్బమ్ పేరు మారిపోయింది, అట్ట మారిపోయింది, టూర్ అంతా ఆ పాట చుట్టూ తిరిగింది. తెల్లటి గది, ఎర్ర బట్టల్లో మోడల్, జారిపడే చెర్రీ పై ముక్క, ఇదీ వీడియో. 1990 సెప్టెంబరులో ఆల్బమ్ వచ్చింది. పాట పదో స్థానం దాకా వెళ్ళింది, ఆల్బమ్ ఏడో స్థానం దాకా.

వ్యాపారంగా చూస్తే ఐనర్ లెక్క తప్పలేదు. కంపెనీ పక్షం వహించేవాళ్ళు చెప్పేది కూడా అదే: ఆ పాట లేకపోతే ఆల్బమ్ అంత అమ్ముడయ్యేదే కాదు. ఉండొచ్చు. కానీ బ్యాండ్ ముఖాన అతికిన ఆ వేషాన్ని కడగడం తర్వాత ఎవరి వల్లా కాలేదు. అంకుల్ టామ్స్ కేబిన్‌ను మరుసటి ఏడాది సింగిల్‌గా వదిలితే 78 దగ్గరే ఆగింది. చెర్రీ పై బ్యాండ్ హత్యల పాట పాడుతుంటే వినడానికి ఎవరు సిద్ధంగా ఉంటారు? 2006లో సంగీత ఛానెల్ వీహెచ్1 కెమెరా ముందు జానీ లేన్ కుమిలిపోయాడు. తన పేరు చెబితే జనానికి చెర్రీ పై తప్ప ఇంకేమీ గుర్తురాదనీ, ఆ పాట రాసినందుకు తనను తాను కాల్చుకోవాలనిపిస్తుందనీ అన్నాడు. ఆ రోజు మనసు బాగాలేక అలా అన్నాననీ, పాట మీద అంత ద్వేషం లేదనీ తర్వాత సర్దిచెప్పాడు. రెండు మాటలూ నిజమే అయి ఉంటాయి. 2011 ఆగస్టులో, మద్యం మితిమీరి, లాస్ ఏంజెలెస్‌లోని వుడ్‌లాండ్ హిల్స్‌లో ఒక హోటల్ గదిలో ఆయన చనిపోయాడు. వయసు 47.

నెవర్‌మైండ్ దెబ్బ గురించి మాట్లాడేవాళ్ళు జానీయే చెప్పిన ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. కొలంబియా ఆఫీసులో రిసెప్షన్ వెనక పెద్ద వారెంట్ పోస్టర్ ఉండేది. ఒకరోజు వెళ్ళేసరికి ఆ స్థానంలో ఆలిస్ ఇన్ చెయిన్స్ పోస్టర్ ఉంది. పని అయిపోయిందని అప్పుడే అర్థమైందన్నాడు. ఆలిస్ ఇన్ చెయిన్స్ కొలంబియా బ్యాండే. పెర్ల్ జామ్ ఎపిక్ అనే రికార్డు కంపెనీ వాళ్ళది, ఫైర్‌హౌస్ కూడా ఎపిక్ వాళ్ళదే. నిర్వాణను అమ్మిన గెఫెన్ సంస్థే అమెరికాలో గ్లామ్ వైపు వైట్‌స్నేక్‌నూ అమ్మింది. ఇద్దరు శత్రువులు యుద్ధం చేసి ఒకరు గెలిచారన్న కథలో ఈ సంగతి ఎక్కడా రాదు. ఒకే దుకాణంలో ఒక అరలోని సరుకు తీసేసి ఇంకో సరుకు పెట్టారు, ఖర్చు తగ్గింది, లాభం అలాగే వచ్చింది.

నిర్వాణ, పెర్ల్ జామ్, ఆలిస్ ఇన్ చెయిన్స్ లాంటి సియాటిల్ వాళ్ళకు ఈ సంగీతంతో సంబంధం లేదన్న మాట కూడా నిలబడదు. ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ తన మొదటి బ్యాండ్లో పాడుతున్నప్పుడు జుట్టు పైకి దువ్వి, బిగుతు బట్టలు తొడుక్కుని గ్లామ్ వేషంలోనే ఉన్నాడు. ఆ బ్యాండ్ పేరు ఆలిస్ ఎన్ చెయిన్స్, ఒక అక్షరమే తేడా. వెడర్‌ను పిలిచి పెర్ల్ జామ్ పెట్టిన స్టోన్ గొస్సార్డ్, జెఫ్ అమెంట్ అంతకు ముందు ఉన్నది మదర్ లవ్ బోన్‌లో. దాని గాయకుడు ఆండ్రూ వుడ్ మెరుపుల బట్టలు, ముఖానికి రంగు, వేదిక మీద రారాజు పోకడలు, ఇలా గ్లామ్‌ను మనసారా ప్రేమించినవాడు. 1990 మార్చిలో హెరాయిన్ అతన్ని తీసుకుపోయింది. అతను బతికి ఉంటే పెర్ల్ జామ్ పుట్టేదే కాదు. టెక్సస్ నుంచి వచ్చిన మెటల్ బ్యాండ్ పాంటెరాదీ ఇదే కథ, ఎనభైల్లో వాళ్ళూ ఒంటికి అతుక్కునే స్పాండెక్స్ తొడుక్కున్నవాళ్ళే.

సరుకు లేదన్న ఆరోపణకు వింగర్ అనే గ్లామ్ బ్యాండ్‌ను మించిన జవాబు లేదు. కిప్ వింగర్ బ్యాండ్‌ను 1993 నుంచి ఎంటీవీ కార్టూన్ బీవిస్ అండ్ బట్‌హెడ్ గేలి చేసింది. అందులో అందరూ ఏడిపించే పిల్లవాడి చొక్కా మీద వింగర్ పేరు రాసి ఉండేది. దాంతో టికెట్ల అమ్మకాలు కుప్పకూలాయని కిప్ చెప్పుకున్నాడు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ రాడ్ మార్గెన్‌స్టైన్ అంతకు ముందు డిక్సీ డ్రెగ్స్‌లో జాజ్ ఫ్యూజన్ వాయించినవాడు. కిప్ తర్వాత సింఫనీ సంగీతం నేర్చుకున్నాడు. ఆయన రాసిన గోస్ట్స్ సంగీతానికి శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలే 2010లో నృత్యం కట్టింది. ఇలాంటివాళ్ళను గేలి చేసి టీవీలో నవ్వించినవాళ్ళు, వాళ్ళ రికార్డు ఒక్కటైనా పూర్తిగా విని ఉంటే బాగుండేది.

ఆడవాళ్ళ విషయంలో మాత్రం వెడర్ మాటను తోసిపుచ్చలేను. ఆ వీడియోలు చాలావరకు అలాంటివే, ఈ సంగీతాన్ని ప్రేమించేవాళ్ళం కూడా సాకులు చెప్పకుండా ఒప్పుకోవాలి. మాట్లీ క్రూ అయితే ఎవరి ఒత్తిడీ లేకుండానే అలాంటివి తీసింది. అయితే ఆ కోపంలో అందరినీ ఒకే గాటన కట్టడం వల్ల విక్సెన్ లాంటి బ్యాండ్లు మరుగున పడ్డాయి. మిన్నెసోటా అమ్మాయి జాన్ కూనెమండ్ గిటార్ పట్టి నిలబెట్టిన ఆ మహిళా బ్యాండ్ 1988లో ఎడ్జ్ ఆఫ్ ఎ బ్రోకెన్ హార్ట్‌తో హిట్ కొట్టింది. రెండు ఆల్బమ్‌ల తర్వాత ఆ బ్యాండే విడిపోయింది. స్త్రీల గౌరవం పేరిట గ్లామ్‌ను ఊడ్చేసినవాళ్ళకు ఆ నలుగురు స్త్రీలు గుర్తే లేరు.

వారెంట్ 1992 ఆగస్టులో డాగ్ ఈట్ డాగ్ అనే మూడో ఆల్బమ్ తెచ్చింది. గిటార్లు మందంగా, గొంతు బరువుగా, చెర్రీ పండ్ల ఛాయ ఎక్కడా లేకుండా. ఈ ధోరణిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆల్బమ్ అదే. అంకుల్ టామ్స్ కేబిన్ రాసిన కుర్రవాడు అక్కడ మళ్ళీ కనిపిస్తాడు. కొలంబియా దానికి పెద్దగా ప్రచారం చేయలేదు, 1993లో జానీ లేన్ బ్యాండ్ వదిలేశాడు, కంపెనీ బ్యాండ్‌ను వదిలేసింది. వారెంట్ 2008 నుంచి రాబర్ట్ మేసన్ గొంతుతో నడుస్తోంది. ఈ గొడవలో ఎవరి పక్షాన నిలబడాలో తేల్చుకోవాలనుకునేవాళ్ళు ముందు డాగ్ ఈట్ డాగ్, స్లేవ్ టు ద గ్రైండ్ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని వినాలి. తర్వాత నెవర్‌మైండ్ పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు, అది కూడా గొప్ప ఆల్బమే.