హోస్ట్–గెస్ట్ కెమిస్ట్రీ: అపోహలు - వాస్తవాలు

బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్, కుకుర్‌బిటురిల్-7 (ఇకపై సీబీ-7) లాంటి ఉంగరపు అణువులు (హోస్ట్‌లు) తమ గూటిలో చిన్న అణువులను (గెస్ట్‌లను) పట్టుకుంటాయి. ఈ పట్టునే బైండింగ్ అంటారు. వాటి మీద రెండు ల్యాబులు చేసిన కొలతలు కలవకపోతే ముందు పరికరాన్ని అనుమానిస్తారు. చాలాసార్లు తేడా ద్రావణంలోనే ఉంటుంది. నీరు, ఉప్పు, పొడిలోని తేమ కూడా ఆ ప్రయోగంలో పాలుపంచుకుంటాయి. కింది అపోహల్లో చాలావరకు వాటిని మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: హోస్ట్ గూడు ఖాళీగా ఉంటుంది, గెస్ట్ వచ్చి నింపుతుంది.

నీటిలో ఏ గూడూ ఖాళీగా ఉండదు. సీబీ-7 లోపల సుమారు 8 నీటి అణువులు ఇరుక్కుని ఉంటాయి. బయట ఉన్నన్ని హైడ్రోజన్ బంధాలు వాటికి లోపల దొరకవు. గెస్ట్ వాటిని బయటికి నెట్టగానే అవి మామూలు నీటిలో కలిసి ఆ బంధాలను తిరిగి పొందుతాయి, వేడి విడుదలవుతుంది. హైడ్రోఫోబిక్ (నీటిని ఇష్టపడని భాగాలు ఒకచోట చేరే) ప్రభావమంటే ఎంట్రోపీ (అణువుల క్రమరాహిత్యం) మాత్రమేనని చదువుకున్నవారికి ఇక్కడ ఎంథాల్పీ (వేడి మార్పు) పెద్దగా కనిపించడానికి కారణం ఇదే. ద్రావణిని నీటి నుంచి మిథనాల్‌కో డీఎంఎస్‌ఓకో మార్చితే బైండింగ్ పడిపోతుంది. గెస్ట్ నిల్వ ద్రావణాన్ని (స్టాక్‌ను) డీఎంఎస్‌ఓలో చేయక తప్పకపోతే హోస్ట్ ద్రావణంలోనూ అదే శాతం ఉంచండి.

అపోహ: ఎంత బిగుతుగా పడితే అంత గట్టి బైండింగ్.

రసాయన శాస్త్రవేత్తలు మెకోజీ, రెబెక్ 1998లో చూపిన ప్రకారం గెస్ట్ గూటి ఘనపరిమాణంలో దాదాపు 55 శాతం ఆక్రమించినప్పుడు బైండింగ్ బాగుంటుంది. గెస్ట్ కదలడానికి చోటు కావాలి. మోడలింగ్‌లో అందంగా ఇరికిన అణువు ఫ్లాస్కులో అసలు లోపలికే పోకపోవచ్చు.

అపోహ: సీసా మీది మాలిక్యులర్ వెయిట్ ప్రకారం తూచితే చాలు.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్ అణుభారం 1135. గాలిలో ఉన్న పొడిలో 13-14 శాతం నీరే ఉండొచ్చు. 100 మిల్లీలీటర్లలో 10 మిల్లీమోలార్ కోసం 1.135 గ్రాములు తూచితే నిజంగా వచ్చేది సుమారు 8.7 మిల్లీమోలార్ మాత్రమే. వాక్యూమ్‌లో వేడిచేసి ఆరబెట్టినా తూచేలోపే మళ్లీ తేమ పీల్చుకుంటుంది. కాబట్టి కార్ల్ ఫిషర్ పరీక్షతో నీటి శాతం కొలిచి, లెక్కలో సరిదిద్దడం మేలు. దీని కరుగుదల 25 డిగ్రీల దగ్గర లీటరుకు 18.5 గ్రాములే, అంటే సుమారు 16 మిల్లీమోలార్. 50 మిల్లీమోలార్ స్టాక్ చేద్దామని కూర్చోకండి.

సీబీ-7 (అణుభారం 1163) విషయంలో ఆరబెట్టడం కూడా సరిపోదు. నీటితోపాటు తయారీలో మిగిలిన ఆమ్లం, ద్రావణులు అందులో ఉండిపోతాయి. కోబాల్టోసీనియం అనే గెస్ట్‌తో టైట్రేట్ చేయాలి. దాని మోలార్ శోషణ 261 నానోమీటర్ల దగ్గర సుమారు 34,200. 20 మైక్రోమోలార్ తీసుకుంటే శోషణ 0.68 వస్తుంది. సీబీ-7ను కొద్దికొద్దిగా కలుపుతుంటే శోషణ తిన్నగా తగ్గి, ఒక చోట మలుపు తిరిగి సమంగా నిలుస్తుంది. ఆ మలుపే 1:1 బిందువు, అక్కడి నుంచి అసలు సాంద్రత తెలుస్తుంది. హోస్ట్ సెల్‌లో ఉన్న ఐటీసీలో (బైండింగ్‌లో వచ్చే వేడిని కొలిచే పద్ధతి) 'ఎన్' (ఒక్కో హోస్ట్‌కు పట్టిన గెస్ట్‌ల సంఖ్య) 0.85 వస్తే, వింత స్టాయికియోమెట్రీ (హోస్ట్-గెస్ట్ నిష్పత్తి) అని రాసే ముందు హోస్ట్ శుద్ధతను చూడండి.

అపోహ: ఒక జతకు బైండింగ్ స్థిరాంకం (పట్టు ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) ఎప్పుడూ ఒకటే.

సీబీ-7 వాకిళ్ల దగ్గరి కార్బొనిల్‌లు సోడియం అయాన్లను పట్టుకుంటాయి, గెస్ట్ వాటితో పోటీపడాలి. డయామాంటేన్ డైఅమోనియంకు శుద్ధమైన డ్యూటీరియం నీటిలో 7.2×10¹⁷ మోలార్⁻¹ వచ్చిన విలువ, 50 మిల్లీమోలార్ సోడియం ఎసిటేట్ బఫర్‌లో 10¹⁵ స్థాయికి దిగింది. పీహెచ్ సరిచేయడానికి వేసే సోడియం హైడ్రాక్సైడ్ కూడా సోడియమే. పైగా సీబీ-7లోకి దూరిన అమీన్‌ల పీకేఏ (సగం అణువులు ప్రోటాన్ వదిలే పీహెచ్) పెరుగుతుంది, బెంజిమిడజోల్‌లలో 4 యూనిట్ల వరకు. బఫర్, ఉప్పు, పీహెచ్, ఉష్ణోగ్రత పక్కన లేని స్థిరాంకాన్ని ఇంకో విలువతో పోల్చలేం.

అపోహ: జాబ్ ప్లాట్ శిఖరం 0.5 దగ్గరుంటే 1:1 ఖాయం.

కాదు. మొత్తం సాంద్రత మారకుండా హోస్ట్, గెస్ట్ పాళ్లు మార్చుతూ గీసే ఈ గ్రాఫ్‌ను నమ్మడాన్ని హిబ్బర్ట్, థోర్డార్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు 2016లో గట్టిగా ఖండించారు. 1:1, 1:2, 2:1 నమూనాలు మూడింటినీ టైట్రేషన్ డేటాకు ఫిట్ చేసి, మిగులు విలువల్లో (కొలతకూ ఫిట్‌కూ ఉన్న తేడాల్లో) క్రమం కనిపిస్తోందా అని చూడాలి.

అపోహ: ఐటీసీ ఉంటే ఎంత గట్టి బైండింగ్‌నైనా నేరుగా కొలవొచ్చు.

'సీ' విలువ, అంటే స్థిరాంకం, సెల్‌లోని సాంద్రత, 'ఎన్' ల గుణకారం, సుమారు 10-500 మధ్య ఉండాలి. స్థిరాంకం 10⁵ అయితే సెల్‌లో 0.1-1 మిల్లీమోలార్ సరిపోతుంది. 10¹² అయితే 'సీ' 500కు రావడానికి అర నానోమోలార్‌కు దిగాలి, అక్కడ కొలిచేంత వేడే రాదు. స్థిరాంకం తెలిసిన ఇంకో గెస్ట్‌తో పోటీ పెట్టి, మెట్టుమెట్టుగా ఎక్కాల్సిందే.

ఆ పోటీని స్పెక్ట్రోఫోటోమీటర్ ఒక్కటే ఉన్న కాలేజీ ల్యాబులోనూ చూడొచ్చు. పీహెచ్ 10.5 కార్బొనేట్ బఫర్‌లో 0.03 మిల్లీమోలార్ ఫినాఫ్తలీన్ తీసుకుని 550 నానోమీటర్ల దగ్గర కొలవండి. బీటా-సైక్లోడెక్స్‌ట్రిన్ 1 మిల్లీమోలార్ అయ్యేలా కలిపితే ఫినాఫ్తలీన్ దాని గూటిలోకి దూరి, గులాబీ రంగు దాదాపు పోతుంది. అదే ద్రావణంలో అడమాంటేన్ కార్బాక్సిలేట్ 5 మిల్లీమోలార్ అయ్యేలా వేస్తే అది ఫినాఫ్తలీన్‌ను బయటికి నెట్టి, రంగు చాలావరకు తిరిగొస్తుంది. అడమాంటేన్ కార్బాక్సిలిక్ ఆమ్లాన్ని పొడిగా వేయొద్దు, పీహెచ్ దిగి రంగు ఆ కారణంగానే పోతుంది. ముందే సోడియం లవణంగా మార్చి వేయండి. క్షారం మరీ ఎక్కువైతే ఫినాఫ్తలీన్ రంగు దానంతటదే తగ్గిపోతుంది, కాబట్టి హోస్ట్ వేయని క్యూవెట్‌ను కూడా పక్కన పెట్టి అవే సమయాలకు కొలవండి.