సీసాలోని పాస్తా సాస్ వేడి చేయడం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు వీధి చివరి దుకాణంలో సైతం పాస్తా సాస్ సీసాలు కనిపిస్తున్నాయి. వంట నేర్పడం నా వృత్తి కావడం వల్ల, గృహిణులూ, హాస్టల్ వదిలి గది తీసుకున్న విద్యార్థులూ వాటి గురించి నన్ను తరచుగా అడుగుతుంటారు. వారిలో ఎక్కువమంది మూత తీయకముందు అనవసరంగా భయపడతారు, తీసిన తర్వాత నిశ్చింతగా ఉంటారు. జాగ్రత్త పడవలసింది మాత్రం మూత తీసిన తర్వాతే.

అపోహ: సీసాలోని సాస్ పచ్చిది, చాలాసేపు మరగబెడితే తప్ప తినకూడదు.

టమాటా, ఉల్లిగడ్డ, నూనె, మసాలాలను కర్మాగారంలోనే ఉడికించి, వేడిగా ఉండగానే సీసాలో నింపుతారు, లేదా మూత బిగించిన తర్వాత సీసాతో సహా వేడి చేస్తారు. టమాటాకు సహజంగా ఉండే పులుపు చాలని చోట సిట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్‌ను, అంటే పులుపు కొలతను (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ), 4.6 కంటే తక్కువగా ఉంచుతారు. ఆ పులుపులో ప్రాణాంతక విషాన్ని తయారుచేసే క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి పెరగలేదు. సీసా చల్లారేటప్పుడు లోపలి ఆవిరి నీరుగా మారి శూన్యం ఏర్పడుతుంది కనుక మూత నడిమి భాగం లోపలికి గుంజుకుంటుంది, మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ‘టప్’ అనే చప్పుడు అందువల్లనే. మూత సరిగ్గా ఉన్న సీసాలోని సాస్‌ను వేడి చేయకుండా తిన్నా హాని లేదు. మనం వేడి చేసేది రుచి కోసం, పాస్తా చల్లబడకుండా ఉండటం కోసం. అయితే మూత పైకి ఉబ్బినా, నడుమ వేలితో నొక్కితే టిక్కుటిక్కుమని పైకీ కిందికీ ఆడుతున్నా, తెరవగానే సాస్ బయటికి చిమ్మినా రుచి సైతం చూడకుండా పారవేయాలి.

అపోహ: టమాటా తొక్కులాగా ఇది కూడా బయట నిలవ ఉంటుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టే నమ్మకం ఇది. మన తొక్కులో ఉప్పు దండిగా ఉంటుంది, టమాటా ముక్కలను ఎండబెట్టడం వల్లనో, నూనెలో బాగా మగ్గించడం వల్లనో నీటిశాతం తగ్గిపోతుంది, పైన నూనె తేలుతుంది. పాస్తా సాస్‌లో నీరే ఎక్కువ, ఉప్పు తక్కువ. దానిని అంతకాలం కాపాడిన శూన్యం మూత తీయగానే పోతుంది, గాలితో పాటు బూజు బీజాలు లోపలికి చేరతాయి. కాబట్టి తెరిచిన సీసాను ఫ్రిజ్‌లోనే ఉంచి, లేబుల్‌పై సూచించిన గడువులోగా, అంటే చాలా రకాలకు 3 నుంచి 5 రోజుల్లో, వాడుకోవాలి. వేడి చేసిన సాస్‌ను రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. గది ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటితే గంటే గడువు, ఎండాకాలంలో మన వరంగల్ వంటిళ్లన్నిటికీ ఈ గంట లెక్కే వర్తిస్తుంది. వేడిది ఫ్రిజ్‌లో పెట్టకూడదని రాత్రంతా పొయ్యి గట్టుమీద వదిలేసేవారున్నారు. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోస్తే త్వరగా చల్లారుతుంది, గోరువెచ్చగా ఉండగానే లోపల పెట్టవచ్చు.

కావలసినంత సాస్‌ను శుభ్రమైన పొడి గరిటెతో గిన్నెలోకి తీసుకొని అంతవరకే వేడి చేయాలి. వేడి చేసి మిగిలినదాన్ని తిరిగి సీసాలో కలిపితే బాగున్న సాస్ కూడా త్వరగా పాడవుతుంది.

అపోహ: పైన బూజు పట్టినా, అది తీసేసి బాగా మరిగిస్తే సరిపోతుంది.

సరిపోదు. కంటికి కనిపించే బూజు పైపైన ఉన్నా దాని పోగులు మెత్తని సాస్‌లో లోపలిదాకా వ్యాపిస్తాయి. మరిగిస్తే బూజు చనిపోవచ్చు గాని, కొన్ని బూజులు తయారుచేసే విషాలు ఆ వేడికి నశించవు. సీసా మొత్తం పారవేయక తప్పదు.

అపోహ: సీసాను అలాగే మరిగే నీళ్లలోనో మైక్రోవేవ్‌లోనో పెట్టవచ్చు.

సాస్ సీసా గాజును పొయ్యి వేడికి తట్టుకునేలా తయారుచేయరు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను మరిగే నీటిలో దించితే వెలుపలి పొర వేడికి వ్యాకోచిస్తుంది, లోపలి పొర చల్లగానే ఉంటుంది, ఆ ఒత్తిడికి సీసా పగులుతుంది. ఇక లోహపు మూతతో మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు రావచ్చు. మైక్రోవేవ్‌కు పనికివచ్చే గిన్నెలోకి సాస్ తీసి, వదులుగా మూత వేసి, మధ్యలో ఒకసారి ఆపి కలపాలి, ఎందుకంటే అంచులు సలసల కాగుతున్నప్పుడు నడుమ చల్లగానే ఉండిపోతుంది.

గిన్నె ఎంపిక గురించి కూడా చెప్పాలి. చింతపులుసును సత్తు గిన్నెలో ఉంచవద్దని మన పెద్దలు చెప్పిన మాట టమాటా సాస్‌కూ వర్తిస్తుంది. పులుపు అల్యూమినియాన్ని తింటుంది, సాస్‌కు లోహపు రుచి వస్తుంది, గిన్నె లోపలి మెరుపు పోతుంది. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె అన్నివిధాలా మేలు.

అపోహ: పెద్ద మంట పెడితే పని త్వరగా అయిపోతుంది.

చిక్కని సాస్‌లో అడుగున పుట్టిన ఆవిరి సులభంగా పైకి రాలేక బుడగలుగా పోగై ఒక్కసారిగా పగులుతుంది. పొయ్యి వెనక గోడ మీది ఎర్రటి మరకలకూ, చేతులు చురుక్కుమనడానికీ అదే కారణం. అడుగంటితే ఆ మాడు వాసన సాస్ అంతటికీ పడుతుంది. సన్నని మంటపై, మూత ఓరగా పెట్టి, అడుగు నుంచి కలుపుతూ ఉంటే కొద్ది నిమిషాల్లోనే అంచుల వెంట చిన్న బుడగలు కనిపిస్తాయి, అక్కడితో చాలు. ఫ్రిజ్‌లో ఉంచిన మిగులు సాస్‌ను మాత్రం 74 డిగ్రీలకు చేరేలా, అంటే అంతటా పొగలు కక్కేలా, వేడి చేయాలి. మరీ చిక్కబడితే మామూలు నీటికి బదులు పాస్తా ఉడికిన నీటిని రెండు మూడు చెంచాలు పోయండి, అందులోని గంజి నూనెనూ సాస్‌నూ కలిపి పాస్తాకు పట్టేలా చేస్తుంది. పాలు, మీగడతో చేసిన తెల్లసాస్‌ను అసలు మరగనీయరాదు, విరిగి పలుకులుగా విడిపోతుంది.

మనవాళ్లకు ఈ సాస్ చప్పగా తోచడం సహజమే. అందుకని పొయ్యి మీది నుంచి దించాక కారం చల్లితే పచ్చివాసన వస్తుంది. మిరపలోని రంగూ ఘాటూ నూనెలో కరుగుతాయి కనుక, ముందుగా గిన్నెలో చెంచాడు నూనె వేసి, తరిగిన ఎల్లిగడ్డ కొద్దిగా వేగాక, మంట తగ్గించి కారం వేసి, వెంటనే సాస్ పోయాలి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ చపాటా మిర్చి, అదే టమాటా మిర్చి, ఇందుకు చాలా అనువైనది. దాని కారంపొడి ఎక్కువ ఘాటు లేకుండా నిండైన ఎరుపునిస్తుంది కాబట్టి పిల్లల కోసం చేసే సాస్‌లో కూడా ధైర్యంగా వేయవచ్చు.